లద్దాఖ్‌ను "కవర్" చేయకండి

"ఆరు రోజుల్లో లద్దాఖ్ మొత్తం కవర్ అయిపోతుంది మేడమ్" అని ట్రావెల్స్ ఆయన అంటే సంతోషపడ్డాను. ఆ మాట నమ్మినందుకు మా నాన్న లేహ్ ఆస్పత్రిలో రాత్రంతా ఆక్సిజన్ మీద ఉండాల్సి వచ్చింది.

లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. అక్కడి గాలి ఒత్తిడి మన సముద్ర తీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. పీల్చే ఊపిరిలో ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. ఒంటికి అలవాటు కావడానికి కనీసం రెండు రోజులు కావాలి. మాకు ఇచ్చింది ఒక్క రాత్రి. మర్నాడు తెల్లవారకముందే కారెక్కించి, 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ మీదుగా పాంగాంగ్ సరస్సుకు తీసుకెళ్లారు. నాన్నకు దారిలోనే తలనొప్పి, వాంతులు. ఆయన కారు కూడా దిగలేదు. మేం మాత్రం ఫొటోలు దిగాం. ఆ ఫొటోలు ఇప్పటికీ చూడలేను.

మా అమ్మమ్మ వాళ్లు కాశీ వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చేసి వచ్చేవాళ్లు. ఊళ్లను "కవర్" చేయడం మనం ఎప్పుడు మొదలుపెట్టాం?

రెండేళ్ల తర్వాత, డాక్టర్‌ను అడిగి, నాన్నతోనే మళ్లీ వెళ్లాం. మూడు రాత్రులు లేహ్‌లోనే ఉన్నాం. తర్వాత సింధు నది వెంట చుమథంగ్ దారి పట్టాం. ఆ దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది. చుమథంగ్‌లో నది ఒడ్డునే రాళ్ల సందుల్లోంచి పొగలు కక్కే నీళ్లు ఊరుతుంటాయి. సింధులో చెయ్యి పెడితే కొంకర్లు పోతుంది, నాలుగడుగులు ఇవతల వేలు ముంచితే చుర్రుమంటుంది. గోరువెచ్చగా పారే చోటు చూసుకుని, ప్యాంటు మడుచుకుని, నాన్న అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు.

ఇంకా పైన పూగా లోయ. అక్కడ ఊటలు సుమారు 84 డిగ్రీలకే కుతకుతలాడతాయి, ఆ ఎత్తులో నీళ్లు మరిగేదే అంతకి. నేల మీద తెల్లగా బోరాక్స్, పసుప్పచ్చగా గంధకం. భూమి లోపలి ఆ వేడితో కరెంటు తీయడానికి 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. మామూలు ప్యాకేజీల్లో మాత్రం ఈ లోయ పేరు నాకు కనబడలేదు.

ఆ తర్వాతే త్సో మొరిరి సరస్సు, 4,500 మీటర్ల ఎత్తున. కోర్జోక్ ఊళ్లో పడుకున్నాం. పొద్దున్నే తల మీద రెండు నల్ల చారలున్న బాతులు పిల్లలతో ఈదుతున్నాయి. చలికాలంలో హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువులకు వచ్చే జాతి అది. నాన్న వాటిని చూస్తూ టీ తాగారు. తలనొప్పి లేదు.

ఈ ఏడాది ఎవరైనా వెళ్తుంటే ఏజెంటును ముందు ఒక్క ప్రశ్న అడగండి: లేహ్‌లో దిగాక ఎక్కడికీ తిప్పకుండా రెండు రాత్రులు ఇస్తారా? కుదరదంటే అడ్వాన్స్ కట్టకండి. ముఖ్యంగా అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు.