పదమూడు కార్లు, ఒక సంపూర్ణ పరిశ్రమ

అమెరికా కార్ల చరిత్ర అనగానే అందరూ హెన్రీ ఫోర్డ్‌కు దండ వేస్తారు. అన్యాయం. ఆయన లక్షల బండ్లు అమ్మి, దశాబ్దాల పాటు చెమటోడ్చి చూసిన సంబరమంతా మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డ్యూర్యే సోదరులు మూడేళ్లలో చూసేశారు. ఆ తర్వాత వచ్చిన కంపెనీలన్నీ చేసింది పునశ్చరణే.

చార్లెస్ అన్న, ఫ్రాంక్ తమ్ముడు. 70 డాలర్లకు ఒక పాత గుర్రపుబగ్గీ కొని, గుర్రం బదులు ఇంజను బిగించారు. 1893 సెప్టెంబరులో అది రోడ్డెక్కింది. 1895లో కంపెనీ వెలిసింది.

అదే ఏడాది నవంబరు 28న షికాగోలో ఒక పత్రిక రేసు పెట్టింది. దారినిండా మంచు, 54 మైళ్లు. బయల్దేరినవి ఆరు, తిరిగొచ్చినవి రెండు. మధ్యలో స్టీరింగ్ విరిగిపోతే ఫ్రాంక్ ఓ కమ్మరి కొలిమి వెతుక్కుని, అతికించుకుని మరీ గెలిచాడు. పట్టింది పది గంటల పైచిలుకే. రెండో బండి డ్రైవరు చలికి, అలసటకు సొమ్మసిల్లితే, తప్పులు పట్టడానికి పక్కన కూర్చున్న అంపైరే స్టీరింగ్ అందుకుని గమ్యం చేర్చాడు. అంత సహృదయులైన తనిఖీ అధికారులు మళ్లీ పుట్టలేదు.

1896లో ఒకే నమూనా మీద 13 బండ్లు తయారయ్యాయి. ప్రచారానికి సినిమా తారలు ఇంకా పుట్టలేదు కాబట్టి బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్‌లో కారును ప్రదర్శించారు. ఇక ప్రమాదమొక్కటే బాకీ. ఆ ముచ్చటా ఆ ఏడాదే తీరింది. న్యూయార్క్‌లో ఒక డ్యూర్యే బండి సైకిల్ మీద వెళ్తున్న మహిళను గుద్దింది. పాపం, ఆమె కాలు విరిగింది, డ్రైవరు ఆ రాత్రి లాకప్‌లో గడిపాడు. అమెరికాలో నమోదైన తొలి కారు ప్రమాదం ఇదేనంటారు. రేసు, పబ్లిసిటీ, యాక్సిడెంట్, పోలీసు కేసు. భారీ అమ్మకాలు తప్ప అన్నీ అయ్యాయి.

1898కల్లా దుకాణం కట్టేశారు. అన్నదమ్ములన్నాక పంపకాల గొడవ ఉండాలిగా! పంచుకోవడానికి మిగిలింది పేరొక్కటే. ఆలోచన నాది కాబట్టి కారు నాదేనని అన్న. బండి పూర్తి కాకముందే నువ్వు ఇలినాయ్‌లోని పియోరియా ఊరికి వెళ్లిపోయావు, గ్రీజు పూసుకుని దాన్ని నడిపించింది నేనని తమ్ముడు. 1938లో అన్న పోయాడు, వాదన మాత్రం పోలేదు. తమ్ముడు 97 ఏళ్లు వచ్చేదాకా, అంటే 1967 వరకు బతికి, అన్న కంటే 29 ఏళ్లు ఎక్కువగా సాక్ష్యం చెప్పుకున్నాడు.