మెంటార్-మెంటీ రిజిస్టరు గారికి 64 మంది పిల్లల మెంటారు రాయునది

మహారాజశ్రీ మెంటార్-మెంటీ రిజిస్టరు గారి సముఖమునకు,

అనంతపురం నుంచి మీ సేవకుడు, ఒకానొక డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరరు, నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మీరు కులాసాగానే ఉన్నారని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా మీ సేవలోనే ఉన్నాను కదా.

వచ్చే వారం కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ టీమ్ వస్తోంది. మెంటారుగా, అంటే పిల్లల మంచీచెడ్డా చూసే సారుగా, నెలకోసారి ఒక్కో పిల్లాడిని కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు మీలో మూడేళ్ల లెక్క కనబడాలన్నారు. అందుకే మూడు పెన్నులు తెచ్చుకున్నాను. జూలైకి నీలం, ఆగస్టుకు నలుపు, పరీక్షల నెలకు మా పాప జెల్ పెన్ను. అంతా ఒకే ఇంకుతో ఉంటే ఒకే రోజు రాసినట్టు దొరికిపోతామని, ఇంతకుముందు రెండుసార్లు నాక్ తనిఖీలు దాటిన సీనియర్ సారు చెప్పిన చిట్కా ఇది. ‘చర్చించిన అంశం’ గడిలో ‘చదువులో ఏకాగ్రత’ అని రాశాను. ‘ఇచ్చిన సలహా’ గడిలో ‘ఏకాగ్రతతో చదవాలి’ అని రాశాను. నలభయ్యో పిల్లాడి దగ్గరికొచ్చేసరికి నా ఏకాగ్రతే పోయి ఆ గడిది ఈ గడిలో రాశాను. చదివి చూస్తే ఏ తేడా కనబడలేదు, అలాగే వదిలేశాను.

మీ అట్ట మాత్రం అద్భుతం. మల్టీకలర్, లామినేషన్, మధ్యలో కాలేజీ ఎంబ్లెమ్. దానికి డబ్బుంది. గేటు దగ్గర ఫ్లెక్సీకి, పూలకుండీలకు, శాలువాలకు ఉంది. ‘స్టూడెంట్ కౌన్సెలింగ్ సెల్’ అనే బోర్డుకు కూడా ఉంది. ఆ బోర్డు వెనక గదిలో పాత ఆన్సర్ షీట్ల కట్టలు, కాళ్లు విరిగిన బెంచీలు కాపురం ఉంటున్నాయి. తాళం అటెండర్ దగ్గర, అటెండర్ లీవులో. పంచవర్ష ప్రణాళికల కాలంలో వెనకబడిన పిల్లలకు రెమెడియల్ కోచింగ్ అని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నుంచి ఏదో ఒకటి వచ్చేది. 2017తో ప్రణాళికలే పోయాయి. మా క్యాష్ బుక్కులో ఆ పద్దు మళ్లీ కనబడలేదు.

ఇవన్నీ పోనీలే అనుకుంటాను. టైం సంగతే మింగుడుపడటం లేదు. 2018 యూజీసీ రూల్సు ప్రకారం మాకు వారానికి 40 గంటల పని. అసిస్టెంట్ ప్రొఫెసరైతే అందులో పాఠాలకు 16 గంటలు. మిగతా 24 గంటల్లో మీరూ ఎక్కడో ఇరుక్కుని ఉన్నారని పెద్దలు అంటారు. ఆ 24 గంటలను నేనైతే ఎప్పుడూ చూడలేదు. ఖాళీ పోస్టుల క్లాసులు, ఇన్విజిలేషన్, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్, ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఊరూరా కరపత్రాలు. నా కింద 64 మంది పిల్లలు. నెలకు తలా పావుగంట ఇస్తే 16 గంటలు. అంటే ఒక వారం పాఠాలన్నీ మానుకోవాలి. టైంటేబుల్‌లో మీ పేరున ఒక్క పీరియడ్ లేదు. మీకోసం నాకు ఒక క్లాసు తగ్గించిన పాపాన ఎవరూ పోలేదు. ఆక్స్‌ఫర్డులో ఒకరిద్దరు పిల్లలను వారం వారం ఎదురుగా కూర్చోబెట్టుకుంటారని మాకో ట్రైనింగులో స్లైడ్ వేసి చూపించారు. వెనక వరసలో అందరం నవ్వాం. టీ బాగుంది ఆ రోజు.

నిన్న రెండున్నరకు ఒక పిల్లాడు వచ్చాడు. సెకండ్ ఇయర్ బీకాం, కళ్యాణదుర్గం పక్కన పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22లో మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసేశారు కాబట్టి, మనవాడికి అకౌంట్స్‌లో అంకెలు అర్థమవుతాయి, లెక్క ఏమడిగిందో అర్థం కాదు. 

“సార్, ఒక మాట మాట్లాడాల” అన్నాడు.

“ఉండప్పా, ముందు ఈడ సంతకాలు పెట్టు” అన్నాను.

పదమూడు సంతకాలు. ఏడో దాని దగ్గర పెన్ను ఆపి, “సార్, ఆగస్టులో మీరు నాకు ఏం సలహా ఇచ్చినారు?” అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు. నేను తలెత్తకుండా “ఏకాగ్రత” అన్నాను. మిగిలిన ఆరూ పెట్టేసి, బ్యాగు పట్టీ మెలిపెడుతూ తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. నేను మళ్లీ తలెత్తేసరికి లేడు.

“టీసీకి వచ్చినాడు సార్” అన్నాడు ఆఫీసు క్లర్కు. “శెనక్కాయ పంట పోయిందంట, బెంగళూరుకు పనికి పోతాడంట. బస్సు టైం అయిందని ఎళ్లిపోయినాడు.”

మీ మొదటి పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. వాళ్ల నాయనది. రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయిందట.

ఏమయ్యా రిజిస్టరూ, పదమూడుసార్లు మాట్లాడినట్టు సాక్ష్యం ఉంది నీ దగ్గర! ఒక్కసారైనా మాట్లాడనిచ్చావా? వాడు ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే, వాడి సంతకం కోసం వాడి నోరే మూయించావే! నువ్వు మూయించావా, నేను మూయించానా అని అడగొద్దు. రాత్రంతా అదే అడుక్కున్నాను.

సాయంత్రం అందరూ వెళ్లాక నీలో ఒక వరస రాశాను. మొదటిసారి నా సొంత పెన్నుతో. చర్చించిన అంశం: చర్చించలేదు. ఇచ్చిన సలహా: ఉండప్పా. విద్యార్థి సంతకం: ముందే పెట్టించుకున్నాం.

పొద్దున ప్రిన్సిపాల్ గారు ఆ పేజీ చూశారు. నన్నేమీ అనలేదు. ఆఫీసుకు చెప్పి వైట్‌నర్ తెప్పించారు. కొత్త సీసా. బిల్లు అడిగిన పది నిమిషాల్లో పాసయింది.

ఇట్లు,
మీ మెంటారు