నోట్‌బుక్ విద్యార్థికి మంచిదే, ఇబ్బంది మాస్టారికే

డేటా ఎనలిటిక్స్ కోర్సు ఇప్పుడు ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల నుంచి కోచింగ్ సెంటర్ల దాకా అంతటా నడుస్తోంది. ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ చెప్పాలా, ఆర్ చెప్పాలా అని బోలెడు వాదనలు జరుగుతాయి. పాఠాన్ని ఏ ఫైల్‌లో రాసి పెట్టాలన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఎవరికి అలవాటైనది వాళ్లు వాడేస్తారు. చాలామందికి అలవాటైనది జూపిటర్ నోట్‌బుక్. సెల్ అనే చిన్న చిన్న గడుల్లో కోడ్ రాసి, ఒక్కో గడినీ విడిగా రన్ చేసుకునే ఫైల్ అది.

ఆ అలవాటుకు గట్టి కారణాలే ఉన్నాయి. వివరణ, కోడ్, ఫలితం, గ్రాఫ్ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. గూగుల్ కొలాబ్‌లో తెరిస్తే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది. సొంత లాప్‌టాప్ లేక కాలేజీ ల్యాబ్ మీదే ఆధారపడే విద్యార్థికి ఇదేమీ చిన్న సౌకర్యం కాదు. నేర్చుకునేవాళ్ల చేతికి ఇవ్వడానికి నోట్‌బుక్‌ను మించింది లేదనే నేనూ అంటాను.

పాఠం తయారు చేసేవాళ్ల సంగతి వేరు. విద్యార్థికి ఆ ఫైల్‌తో ఒక సెమిస్టర్ పని. మాస్టారు దాన్ని ఏటా దిద్దుకోవాలి, ఇంకో లెక్చరర్‌తో పంచుకోవాలి, ఎక్కడేం మారిందో చూసుకోవాలి. నోట్‌బుక్ మొరాయించేది సరిగ్గా అక్కడే. అది లోపల ఒక జేసన్ ఫైల్, అంటే సమాచారమంతా బ్రాకెట్ల మధ్య పేర్చి ఉంచే రకం. కోడ్‌తో పాటు అవుట్‌పుట్‌లు, సెల్‌ల వరుస నంబర్లు, గ్రాఫుల బొమ్మలు కూడా పొడవాటి అక్షరాల వరసలుగా మారి అందులోనే ఉంటాయి. ఒక్క లైను మార్చి మళ్లీ రన్ చేస్తే చాలు, ఫైళ్లలో మార్పులను నమోదు చేసే గిట్‌లో ఎన్నో లైన్లు మారినట్టు కనిపిస్తుంది. ఇద్దరు ఒకేసారి దిద్దితే ఆ రెండింటినీ కలపడం పెద్ద తలనొప్పి. కలపడంలో తేడా వస్తే ఫైలే తెరుచుకోదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. సెల్‌లను ఏ వరుసలోనైనా రన్ చేయొచ్చు. తీసేసిన సెల్‌లోని వేరియబుల్ కూడా మెమరీలో ఉండిపోతుంది. అందుకే మాస్టారి దగ్గర చక్కగా నడిచిన పాఠం విద్యార్థి దగ్గర ఎర్రర్ ఇస్తుంది. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోని లక్షల నోట్‌బుక్‌లను మళ్లీ రన్ చేసి చూసిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. ఎర్రర్ లేకుండా నడిచినవి దాదాపు 24 శాతం. మొదటి ఫలితాలే మళ్లీ ఇచ్చినవి 4 శాతం. దీనికి కావలసిన లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు, లేకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి, సెల్‌ల వరుస తప్పడం ఒక్కటే కాదు.

కాబట్టి మూలప్రతి మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఉండాలన్నది నా వాదన. వివరణనూ కోడ్‌నూ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో రాసుకునే ఆర్ మార్క్‌డౌన్ ఈ దారిలో ఎప్పటి నుంచో ఉంది. 2022లో వచ్చిన క్వార్టో అనే సాధనం అదే పద్ధతిని పైథాన్, జూలియా భాషలకూ తెచ్చింది. ఫైల్‌ను రెండర్ చేసినప్పుడు, అంటే చదివే రూపంలోకి మార్చినప్పుడు, కోడ్ పైనుంచి కిందికి వరుసగా నడుస్తుంది కాబట్టి తప్పు ఉంటే క్లాసుకు ముందే బయటపడుతుంది. అదే ఫైల్ నుంచి వెబ్ పేజీ, పీడీఎఫ్, నోట్‌బుక్ అన్నీ తీయొచ్చు. దేశదేశాల్లో వలంటీర్లతో ఇలాంటి పాఠాలు చెప్పించే ది కార్పెంట్రీస్ సంస్థ కూడా తన పాఠాలను మార్క్‌డౌన్, ఆర్ మార్క్‌డౌన్‌లలోనే ఉంచుతోంది. జూపిటర్ వదలడం ఇష్టం లేనివాళ్లకు, నోట్‌బుక్‌ను టెక్స్ట్ ఫైల్‌గా కూడా ఉంచే జూపీటెక్స్ట్ ఉంది. అదీ వద్దంటే, క్లాసుకు ఇచ్చే ముందు కెర్నల్ (కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లూ ఒకసారి వరుసగా రన్ చేయడం తప్పనిసరి.

పీడీఎఫ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులోంచి కోడ్ కాపీ చేస్తే లైన్ల ముందు ఖాళీలు చెదిరిపోవచ్చు. పైథాన్‌లో ఆ ఖాళీలే వ్యాకరణం.

ఇక డేటా ఫైల్. ఎక్సెల్ షీట్ ఇవ్వడం తేలికే. కానీ అడగకుండానే విలువలు మార్చేసే గుణం దానికి ఉంది. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. మార్చ్1 కాస్తా మార్చ్ఎఫ్1 అయింది. అలాగని విలువలను కామాలతో విడదీసి రాసే టెక్స్ట్ ఫైల్ సీఎస్‌వీ పరమ పవిత్రం అనలేం. ఏ కాలమ్ అంకెలో, ఏది అక్షరాలో సీఎస్‌వీ చెప్పదు. 2011 జనగణనలో జమ్మూ కశ్మీర్ కోడ్ 01. ముందే చెప్పకపోతే, పైథాన్‌లో డేటా చదివే లైబ్రరీ పాండాస్ కూడా దాన్ని 1గా చదువుకుంటుంది. పార్కే అనే మరో రకం డేటా ఫైల్‌లో ఈ గొడవ లేదు, కాలమ్ రకం ఫైల్‌లోనే ఉంటుంది. అయినా మొదటి సెమిస్టర్‌కు నేను సీఎస్‌వీనే ఎంచుకుంటాను. నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపల ఏముందో కళ్లారా చూడొచ్చు. పైగా రేపు ఉద్యోగంలో చేతికొచ్చే ఫైళ్లలో ఉండేవి ఇలాంటి లోపాలే.

తెలుగు డేటా వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. గ్రామాల పేర్లు తెలుగులో ఉన్న యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) సీఎస్‌వీ పాండాస్‌లో శుభ్రంగా కనిపిస్తుంది. అదే ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే, ఫైల్ మొదట్లో ఇది యూటీఎఫ్-8 అని చెప్పే బీఓఎం గుర్తు లేనప్పుడు అర్థంకాని అక్షరాలు రావచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 అని ఎంచుకుని తెస్తే అక్షరాలు సరిగ్గానే వస్తాయి. లేదా ఫైల్ తయారుచేసేటప్పుడే పాండాస్‌లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వొచ్చు, ఆ గుర్తు దానంతటదే చేరుతుంది. తెలుగు ఉన్న షీట్‌ను ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. డేటాను ఏ విద్యార్థీ మార్చకూడని వేరే ఫోల్డర్‌లో పెట్టి, మార్పులన్నీ కోడ్‌తోనే చేయించాలని నేననేది అందుకే.