మమ్మీ సరే, ఆమె సామాన్లేవి?

మొన్న ఆదివారం మా అక్క కూతుర్ని హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఐదో తరగతి. అక్కడి ఈజిప్టు మమ్మీని చూసి భయపడుతుందేమో అనుకున్నా. అదేం లేదు. అద్దానికి ముక్కు ఆనించి, "మావయ్యా, ఈమెతో పాటు సమాధిలో పెట్టిన సామాన్లేవి?" అంది.

నాకు తెలిసిందల్లా చెప్పాను. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చారట, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చారట. ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో చెప్పగలిగాను గానీ పిల్ల అడిగింది అది కాదుగా.

విదేశీ మ్యూజియాల్లో ఉన్న ఈజిప్టు వస్తువుల మాట రాగానే మనవాళ్లు రెండు పార్టీలైపోతారు. "దొంగలు, అన్నీ వెనక్కి ఇచ్చేయాలి" అని కొందరు, "వాళ్ల దగ్గరుండబట్టే బతికాయి" అని కొందరు. నాకు ఇద్దరి మీదా చిరాకే. దొంగతనంగా పోయినవి లేవని కాదు. కానీ బోలెడన్ని దర్జాగా, కాగితాలతో పోయాయి. దానికి పార్టాజ్ అని ఫ్రెంచి పేరు. తెలుగులో చెప్పాలంటే పంపకం. తవ్వకాల సీజన్ చివర దొరికినవన్నీ పరిచి, ఈజిప్టు పురావస్తు శాఖ తనకు కావలసినవి ఉంచుకుని, మిగతావి తవ్వినవాళ్లకు వదిలేసేది. న్యాయంగానే ఉందే అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ శాఖని 1858 నుంచి 1952 దాకా నడిపింది ఫ్రెంచివాళ్లు, 1882 నుంచి దేశం మీద పెత్తనం బ్రిటిష్‌వాళ్లది. పంచేవాళ్లూ వాళ్లే, పుచ్చుకునేవాళ్లూ వాళ్లే.

నెఫర్‌తితి అనే ఈజిప్టు రాణి బొమ్మ సంగతే చూడండి. 1912 డిసెంబర్ 6న ఈజిప్టులోని అమర్నాలో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త బోర్ఖార్ట్ బృందానికి దొరికింది. మరుసటి నెలలోనే పంపకం. లోపలంతా సున్నపురాయి అయిన ఆ శిల్పాన్ని జాబితాలో ప్లాస్టర్ బొమ్మగా చూపించారని, ఆ పంపకం దగ్గరున్న జర్మన్ ఒకాయనే తర్వాత రాసిపెట్టాడు. బెర్లిన్‌లో జనానికి చూపించింది మాత్రం 1924లో. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

బ్రిటిష్‌వాళ్ల పద్ధతి ఇంకోలా ఉండేది. 1882లో అమీలియా ఎడ్వర్డ్స్ అనే రచయిత్రి వాళ్లు ఒక ఫండ్ పెట్టి, చందాలు పోగుచేసి తవ్వించారు. చందా ఇచ్చిన ఊరి మ్యూజియానికో వాటా. ఉత్సవానికి చందా రాసినవాళ్ల ఇంటికి ప్రసాదం పొట్లం పంపినట్టన్నమాట. అలా బ్రిటిష్ తవ్వకాల సరుకు 27 దేశాల్లో దాదాపు 350 సంస్థలకు చేరింది. ఒకే సమాధిలో పక్కపక్కన ఉన్న కుండ ఒక ఊళ్లో, పూసలు ఇంకో ఊళ్లో.

ఫ్లిండర్స్ పెట్రీ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మీద నాకు కొంచెం గౌరవం ఉంది, ఒప్పుకుంటాను. మన అమ్మలు స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకున్నట్టు, ఆయన మనుషులు కుండల మీద సమాధి నంబరు సిరాతో రాసేవాళ్లు. ఆ నంబరు ఉన్న కుండ ఏ దేశంలో ఉన్నా దాని ఇల్లేదో తెలుస్తుంది. అయితే ఆయన సరుకు గతి కూడా గొప్పదేం కాదు. 1913లో ఈజిప్టులోని తర్ఖాన్‌లో తవ్వి తెచ్చిన మురికి గుడ్డల మూటని 1977లో గానీ లండన్‌లో ఎవరూ శుభ్రంగా విప్పి చూడలేదు. అందులో మడతలు పెట్టి కుట్టిన నార చొక్కా ఒకటి బయటపడింది. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలున్నాయి, అంటే ఎవరో వేసుకుని తిరిగినదే. ఐదు వేల ఏళ్ల పైమాట! 64 ఏళ్లు మూటలోనే. "మేం కాపాడాం" అంటే ఇదా?

ఇంగ్లండులోని నార్తాంప్టన్ మ్యూజియం ఇంకో అడుగు ముందుకేసింది. ఎప్పుడో దానంగా వచ్చిన సెఖెమ్‌కా అనే పురాతన ఈజిప్టు అధికారి విగ్రహాన్ని 2014లో కోటిన్నర పౌండ్లకు పైగా వేలంలో అమ్మేసుకుంది. మ్యూజియం విస్తరణకి డబ్బు కావాలట. అమ్మినందుకు మ్యూజియానికున్న అధికారిక గుర్తింపు పోయిందనుకోండి, విగ్రహం మాత్రం వెనక్కి రాలేదు.

వెనక్కి ఇవ్వాలా వద్దా అని కొట్టుకునే ముందు, ప్రతి మ్యూజియం తన అల్మారాలోని వస్తువు ఏ ఊళ్లో, ఎన్నో నంబరు సమాధిలో, దేని పక్కన దొరికిందో బయటపెట్టాలి. తెలియకపోతే తెలియదని పెద్దక్షరాల్లో రాయాలి. ఇచ్చేది తర్వాత, ముందు ఈ లెక్క తేల్చండి.

ఇంటికొచ్చాక పిల్లకి ఫోన్లో టుటన్‌ఖామున్ అనే ఈజిప్టు రాజు సమాధిలోని సామాన్లు చూపించాను. 1922లో దొరికాయి, పంపకానికి ఈజిప్టు ఒప్పుకోలేదు. తవ్వించిన బ్రిటిష్ ప్రభువు కార్నార్వన్ కుటుంబానికి ఖర్చుల కింద దాదాపు 36 వేల పౌండ్లు ఇచ్చి సరిపెట్టింది. ఐదు వేలకు పైగా వస్తువులు. ఆరు రథాలు, మంచాలు, 130 దాకా చేతికర్రలు, ఆటబల్లలు, ఆఖరికి లోపలి గోచీలు కూడా. గోచీలు చూసి పడీపడీ నవ్వింది.

నవ్వాపి, "మరి మన మమ్మీవి?" అంది మళ్లీ.