నిండు ఫైరింజనుతో ఊరేగింపు చేద్దాం

ఠాకురాణి జాతరకు బరంపురం వీధులన్నీ కదిలివస్తాయి. ముప్ఫయ్యేళ్లు మంటల్లోకి వెళ్లొచ్చిన అగ్నిమాపక అధికారి పదవీ విరమణ చేస్తే మాత్రం స్టేషను ఆవరణలో శాలువా కప్పి పంపేయడం న్యాయం కాదు. ఆయన్ను ఊరంతా కలిసి ఊరేగించాలని మేము కోరుతున్నాం. అందుకు ఏప్రిల్ 14 తగిన రోజు. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడకు అంటుకున్న నిప్పు ఆర్పబోయి, పేలుడులో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, రోడ్లకు అడ్డంపడ్డ చెట్లు కోసి దారి తీసినవాళ్లలో మన అగ్నిమాపక సిబ్బందీ ఉన్నారు.

ఊరేగింపు గిరి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి ఆగిపోకూడదు. బడాబజార్ వెనక సందుల్లోకీ వెళ్లాలి. ట్యాంకు నింపిన బండినే నడపాలి, నిండు బండి బరువుకు కుంగే మురుగుకాలువ పలకలేవో అప్పుడే బయటపడతాయి. పూలదండలు హోసు పెట్టెల తలుపులకు అడ్డం రాకూడదు. మరో బండి సిబ్బందితో స్టేషనులోనే సిద్ధంగా ఉండాలి.

సన్మానం పొందే అధికారి విలువ తెలిసేది నీటి దగ్గరే. 4,500 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 450 లీటర్లు చిమ్మే ఒక్క నాజిల్‌కు పది నిమిషాలే వస్తుంది. రెండు నాజిళ్లు తెరిస్తే ఐదు. ఆ తర్వాత చెరువే దిక్కు. పంపు నీటిమట్టానికి ఏడు మీటర్ల పైన ఉంటే నీరు సరిగా అందదు. వేసవిలో చెరువు దిగిపోయినప్పుడు ఈ చిక్కే వస్తుంది. చెరువు నీటిని పైకి లాగే సక్షన్ పైపు అతుకులో వాషరు అరిగి గాలి దూరినా అంతే, పంపు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం రాదు. ఆ పైపు అడుగున చెత్తను ఆపే జాలీ బురదలో కూరుకుంటే మూసుకుపోతుంది. ఏ గట్టు బండి బరువు మోస్తుందో, ఏ రేవులో మే నెలలోనూ లోతు నిలుస్తుందో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకే తెలుసు. బదిలీపై కొత్తగా వచ్చినవారికి ఆ సమాచారం కాగితం మీద దొరకాలి.

అందుకే ఊరేగింపు దారిలో ఆయన చూపించే ప్రతి నీటి వనరునూ, బండి తిరగని ప్రతి మలుపునూ, నాలుగు మీటర్ల లోపు వేలాడే ప్రతి తీగనూ నగరపాలక సంస్థ ఇంజనీరు పక్కనే నడుస్తూ పటంలో గుర్తించాలి. ఒక ప్రతి స్టేషను గోడకు పెట్టాలి. తీగలు, అడ్డుగోడలు తొలగించే పని మే ఎండలు ముదరక ముందే పూర్తిచేయాలి.