తిరుగుబాటు కాదు, టీవీలో చెప్పారు కదా

దేశాన్ని నడపడానికి సైన్యం, ఖజానా, రాజ్యాంగం ఉంటే చాలని అమాయకులు అనుకుంటారు. అసలు కావలసింది మంచి నిఘంటువు. ఈ సంగతి 2017లో జింబాబ్వే పెద్దలు గ్రహించినంతగా ఇంకెవరూ గ్రహించలేదు.

ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబేకి 93 ఏళ్లు నిండాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లోనూ ఆయనే అభ్యర్థి. వయసు మాటేమిటని సణిగేవాళ్లకి ఆయన భార్య గ్రేస్ ఒక సభలో జవాబు చెప్పారు: ఆయన పోయినా శవాన్నే అభ్యర్థిగా నిలబెడతాం, జనం దానికే ఓటేస్తారు. మొండితనం అనకండి, విశ్వాసం అనాలి. సమావేశాల్లో పెద్దాయన కళ్లు మూసుకుని కూర్చున్న ఫోటోల మీద మే నెలలో ఆయన ప్రతినిధి వివరణ ఇచ్చారు. అది నిద్ర కాదట, వెలుతురు తట్టుకోలేక కళ్లకి విశ్రాంతి ఇవ్వడమట. ఈ మాట ముందే తెలిసుంటే మధ్యాహ్నం మీటింగుల్లో నా పరువు నిలిచేది.

బ్యాంకుల ముందు జనం రాత్రంతా పడిగాపులు పడుతుంటే, వాళ్ల చేతికొచ్చే కాగితాన్ని డబ్బు అనలేదు, బాండ్ నోటు అన్నారు. అది అమెరికా డాలరుతో సమానమని ప్రభుత్వం ప్రకటించింది. బజారు మాత్రం ఆ ప్రకటన చదవలేదు.

ఉపాధ్యక్షుడు ఎమర్సన్ మ్నంగాగ్వా మారుపేరు మొసలి. అందుకని ఆయన వర్గాన్ని లాకోస్ట్ అనేవాళ్లు, చొక్కా మీద మొసలి బొమ్మ వేసే కంపెనీ పేరుతో. ఆగస్టులో ఆయన ఒక సభలో వాంతులతో కూలబడ్డారు. విషమని ఒక వర్గం, పాచిపోయిన తిండని ఇంకో వర్గం. అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముగాబేని గుడ్‌విల్ రాయబారిగా నియమించింది. వైద్యానికి సింగపూర్ వెళ్లే మనిషికి ఆఫ్రికా ఆరోగ్యం అప్పగించడమేమిటని లోకం గోల పెట్టేసరికి, ఆ సంస్థ నాలుగు రోజుల్లో నాలిక కరుచుకుని నియామకాన్ని రద్దు చేసింది.

ఇక నవంబరు. 6న ముగాబే మొసలిగారి ఉద్యోగం ఊడబీకారు. 9న రాజధాని హరారే విమానాశ్రయానికి ముగాబే పేరు పెట్టారు. 15న ఇంకా తెల్లవారకముందే సైనిక దుస్తుల్లో మేజర్ జనరల్ సిబుసిసో మోయో టీవీలో ప్రత్యక్షమయ్యారు. వీధుల్లో సాయుధ వాహనాలు, అధ్యక్షుడు ఇంట్లో బందీ. అయినా మోయో చెప్పింది ఇది: ఇది సైన్యం అధికారం లాక్కోవడం కాదు, అధ్యక్షుడి చుట్టూ చేరిన నేరస్తుల కోసం వచ్చాం, ఆయన క్షేమంగా ఉన్నారు. మనకైతే ఇలాంటి సందర్భానికి వెన్నుపోటు అనే మాట ఒకటుంది, చటుక్కున అనేసి ఊరుకుంటాం. వాళ్లకి ఓపికెక్కువ.

బందీ కాని ఆ బందీ 17న గౌను వేసుకుని విశ్వవిద్యాలయ స్నాతకోత్సవానికి వెళ్లి పట్టాలిచ్చి వచ్చారు. 18న హరారే వీధుల్లో వేలాది జనం సైనికులతో సెల్ఫీలు దిగారు. 19న సొంత పార్టీ ఆయన్ని నాయకత్వం నుంచి తీసేసింది. ఆ రాత్రి జనరళ్లని పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో మాట్లాడితే, రాజీనామా ఖాయమని లోకమంతా ఊపిరి బిగబట్టింది. ఆయన కాగితాలు తిరగేసి తిరగేసి, పార్టీ మహాసభకి తానే అధ్యక్షత వహిస్తానన్నారు. చివర్లో స్వాహిలీలో ‘అసాంటే సానా’ అని కృతజ్ఞతలు చెప్పి లేచారు. ఆ భాష ఆ దేశానిది కాదు. ఆ మాటకొస్తే ఆ రాత్రి ఆ పార్టీ కూడా ఆయనది కాదు.

21న పార్లమెంటులో అభిశంసన నడుస్తుండగా రాజీనామా లేఖ వచ్చింది. 37 ఏళ్లు ఒక్క కాగితంలో. 24న మ్నంగాగ్వా అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. అదే రోజు హైకోర్టు, సైన్యం చేసింది రాజ్యాంగబద్ధమే అని తేల్చింది.

సైన్యాధిపతి చివెంగా డిసెంబరులో ఉపాధ్యక్షుడయ్యారు. టీవీలో కనిపించిన మోయో విదేశాంగ మంత్రి అయ్యారు. ఇది తిరుగుబాటు కాదని దేశదేశాలకీ నచ్చజెప్పడానికి ఆయన హరారేలో విమానం ఎక్కాల్సింది మాత్రం రాబర్ట్ గాబ్రియేల్ ముగాబే అంతర్జాతీయ విమానాశ్రయంలోనే.