దుప్పట్ల విభాగంలో స్పెషలిస్టు సేవలు

మన పెద్దాసుపత్రుల్లో దుప్పట్లకు అందుతున్న వైద్య సేవల ప్రమాణాల గురించి పత్రికలు ఇంతవరకు సరిగా రాయలేదు. ఆ లోటును పూడ్చడం నా బాధ్యతగా భావిస్తున్నాను. పేరు అక్కరలేని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ నెల డ్యూటీ లిస్టు ప్రకారం లినెన్ స్టోరు బాధ్యతలు చేపట్టిన స్టాఫ్ నర్సు ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తి చేశారు. మెడికల్ సర్జికల్ విభాగంలో ఆమె ఎంచుకున్న ఉపవిభాగం క్రిటికల్ కేర్. అంటే వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఊపిరిలో తేడాను మిషను కన్నా ముందు పసిగట్టేలా తర్ఫీదు పొందిన వ్యక్తిని, ఊపిరి అనే బలహీనతే లేని వస్తువుల సంరక్షణకు కేటాయించారు. రోగి చనిపోతాడు, దుప్పటి చనిపోదు. కనుక ఆసుపత్రి మరణాల లెక్క దృష్ట్యా ఈ నియామకాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు.

ఆమె ఈ స్టోరుకు చేరిన దారి చిన్నదేమీ కాదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, అందులో 55 శాతం మార్కులు, రాష్ట్ర కౌన్సిల్‌లో నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది పని అనుభవం, ప్రవేశ పరీక్ష, ఆపైన రెండేళ్ల చదువు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెద్ద మనసుతో ఐదు శాఖలు ఏర్పరచింది: మెడికల్ సర్జికల్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం. ఆరో శాఖగా దుప్పట్లను చేర్చడం ఎందుకు మరచిపోయారో మాత్రం తెలియదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ప్లేస్‌మెంట్లు ఆ శాఖకే దక్కేవి.

ఈ చదువులో పరిశోధన కూడా ఉంటుంది. 'ఎంపిక చేసిన ఆసుపత్రిలో ఎంపిక చేసిన రోగులకు ఫలానా అంశంపై నిర్మాణాత్మక బోధనా కార్యక్రమం ఎంత ప్రభావం చూపుతుందో అంచనా వేసే అధ్యయనం' అనే శీర్షికలో 'ఫలానా' ఒక్కటి మారిస్తే చాలు, మన కాలేజీల గ్రంథాలయాల్లోని అల్మరాలు వాటంతట అవే నిండుతాయి. ముందు ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. తరువాత ఫ్లిప్ చార్టు పట్టుకుని పాఠం చెబుతారు. ఏడో రోజున అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. పాఠం చెబితే పాఠం వస్తుందన్న అనూహ్యమైన సత్యం ఆ విధంగా టీ-టెస్టు అనే గణాంక పరీక్ష సాక్షిగా మరొకసారి రుజువవుతుంది. తమ వార్డులో ఇన్ఫెక్షన్లు ఎందుకు పెరిగాయి, రాత్రి షిఫ్టులోనే మందుల పొరపాట్లు ఎందుకు జరుగుతున్నాయి అని ఎవరైనా విద్యార్థిని అడగబోతే, ఆసుపత్రి అనుమతి పత్రం మీద సంతకం కావాల్సిన రోజునే సూపరింటెండెంటు గారు క్యాంపుకు వెళ్లి ఉంటారు.

సరే, దుప్పట్ల గదిలో జరిగే క్లినికల్ పనిని కాస్త దగ్గరగా చూద్దాం. ఉదయం లాండ్రీ కాంట్రాక్టరు ఆటో వస్తుంది. "మూటలు దించాం, లెక్క చూసుకోండి సిస్టర్" అని కుర్రాడు కేకేస్తాడు. అక్కడితో అడ్మిషన్లు మొదలు. పంపినవి 140 అయి, తిరిగొచ్చినవి 137 అయితే, తప్పిపోయిన మూడింటి కోసం రిజిస్టరులో ఎర్ర సిరా పడుతుంది, మెమో పుడుతుంది, వాటి ధర ఎవరి జీతంలోంచి కోయాలన్న చర్చ బయలుదేరుతుంది. ఐసీయూలో ఒక్క రాత్రిలో మూడు ప్రాణాలు పోయినప్పుడు ఇంత లోతైన విచారణ జరిగిన దాఖలా నేనైతే ఎరగను. తరువాత పరీక్షలు. ఏబీజీ రిపోర్టు (రక్తంలోని వాయువుల పరీక్ష) చూడగానే రోగి ఎటు పోతున్నాడో చెప్పగలిగిన ఆ కళ్లతో ఆమె ఒక్కొక్క దుప్పటినీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తారు. అరచేతి కన్నా చిన్న చిరుగైతే కుట్టుకు పంపాలి. అంతకన్నా పెద్దదైతే, అంచులు బాగున్న పక్షంలో ముక్కలు చేసి మరో పనికి వాడాలి. నడుమ నుంచి పోతే కండెమ్ చేయాలి, అంటే ఇక పనికిరాదని కొట్టివేయాలి. అయితే కండెమ్ చేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, దానికొక బోర్డు ఉంది. ఆ బోర్డు ముందు ఆమె కేసు ప్రెజెంట్ చేస్తారు: ఎప్పుడు ఇండెంట్ పెట్టారు, ఏ వార్డులో వాడారు, ఆసుపత్రి ముద్ర ఇంకా కనబడుతున్నదా లేదా. సభ్యులలో ఒకరు సెలవులో ఉంటే ఆ దుప్పటి బతికీ ఉండదు, చచ్చీ ఉండదు. నెలల తరబడి మూలన పడి ఉంటుంది. ఆడిట్ వారు వచ్చినప్పుడు దాని ఆరోగ్య పరిస్థితిని ఆమె నిలబడి వివరించాలి. ఇక రోజుకో రంగు దుప్పటి పరిచే ఆసుపత్రుల్లో మంగళవారం రంగు బుధవారం కనబడితే, అది కార్డియాక్ అరెస్టుతో సమానమైన ఎమర్జెన్సీ.

ఈ ఏర్పాటుకు రొటేషన్ అని పేరు. అందరికీ అన్ని పనులూ రావాలట. ఒకరినే ఐసీయూలో ఉంచితే మిగిలినవారు అడుగుతారట. పైగా స్టోరు తేలిక పని, చదువుకున్న అమ్మాయి కదా అని దయతలచి ఇచ్చారట. ఈ సమానత్వ సిద్ధాంతం నాకు బాగా నచ్చింది కాబట్టి దీనిని ఇంకొంచెం పైకి విస్తరింపజేయమని కోరుతున్నాను. డీఎం కార్డియాలజీ చదివిన డాక్టరు గారిని ఈ మూడు నెలలు పళ్ల విభాగానికి, న్యూరో సర్జన్ గారిని వచ్చే మూడు నెలలు చర్మవ్యాధుల ఓపీకి పంపితే వారికి కూడా అన్ని పనులూ వస్తాయి. అంత దూరం వెళ్లడం కష్టమనుకుంటే, కనీసం డ్యూటీ లిస్టులో పేరు పక్కన 'చదివిన విభాగం' అని ఒక గడి గీయవచ్చు. అందుకు ఆర్థిక శాఖ అనుమతి అక్కరలేదు.

ఆమె దుప్పట్లు లెక్కపెడుతున్న అదే పూట రెండంతస్తుల పైన ఐసీయూలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. ఐసీయూలో ప్రతి పడకకూ ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ పూట మూడు వెంటిలేటర్లను చూస్తున్నది, మొన్న మొన్ననే కాంట్రాక్టు మీద చేరిన ఒక అమ్మాయి. ట్యూబులో కఫం అడ్డుపడుతున్న సంగతిని అలారం కన్నా ముందు ఛాతీ కదలిక చెబుతుంది, చెమట చెబుతుంది, రోగి వేళ్లు చెబుతాయి. చదవడం వచ్చినవారికి చెబుతాయి. ఆ పిల్లకు ఇంకా రాదు, అది ఆమె తప్పు కాదు, పక్కన నిలబడి నేర్పవలసిన మనిషిని మీరు తలగడ గలీబుల దగ్గర కూర్చోబెట్టారు. బయట వరండాలో అట్టపెట్టె పరుచుకుని, ఆరోగ్యశ్రీ కాగితాలు ఛాతీకి అదుముకుని పడుకున్న తల్లికి ఈ రొటేషన్ సంగతి తెలియదు. తెలిస్తే మీ ఆఫీసు అద్దాలు మిగలవు. ప్రజల సొమ్ముతో నడిచే కాలేజీలో సీటిచ్చి, రెండేళ్లు చదివించి, ఆ చదువు అవసరమైన మంచం దగ్గరికి మాత్రం ఆమెను వెళ్లనివ్వకపోవడాన్ని పరిపాలన అనకండి. దానివల్ల మనుషులు చస్తున్నారు.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంత గందరగోళం లేదు, అక్కడ పీజీ చేసినా చేయకపోయినా జీతం ఒకటే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గరాదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలనీ సిఫారసు చేసింది. ఆ సిఫారసును మన యాజమాన్యాలు గౌరవంగా చదివి, గౌరవంగా పక్కన పెట్టాయి. 'ఎమ్మెస్సీ ఉందా? అయితే కాలేజీలో ట్యూటరుగా పో' అన్నది అక్కడ దొరికే ఏకైక పదోన్నతి. కొన్ని కాలేజీలకు మనిషితో కూడా పనిలేదు, సర్టిఫికెట్టు చాలు. తనిఖీ రోజున చీర కట్టుకుని వచ్చి సంతకం పెట్టి వెళితే ఆ ఏడాదికి ఆమె అసిస్టెంట్ ప్రొఫెసరు. ఏ దారిన నడిచినా స్పెషలిస్టు నర్సు చివరికి రోగికి దూరంగా తేలాలన్నదే ఈ వ్యవస్థ పట్టుదల.

2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్లనే, అంటే అదనపు శిక్షణతో కొంత చికిత్స బాధ్యతను కూడా తీసుకునే నర్సులనే, కేడర్ గురించి మాట్లాడింది. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్లకు రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు కూడా వచ్చింది. పట్టా చేతికి వస్తుంది, ఆ పేరుతో పోస్టు మాత్రం రాదు. తెలంగాణ మాత్రం అదే 2017లో కొంత తొందరపడింది. ఎంపిక చేసిన స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి, వారిని ప్రసూతి గదుల్లోనే పనికి పెట్టాలనుకుంది. ఎవరు ఏది నేర్చుకున్నారో వారి చేత అదే పని చేయించడమనే ఈ ప్రమాదకరమైన సంప్రదాయం మిగతా విభాగాలకు పాకకుండా మన అధికారులు ఇన్నాళ్లూ అప్రమత్తంగానే ఉన్నారు. రాష్ట్రంలో కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కాబట్టి, కోత లేకుండా కాన్పు చేయించగలిగే నర్సుల వల్ల ఎవరెవరి వ్యాపారానికి ఇబ్బందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఈలోగా నర్సులే ఒక దారి చూసుకున్నారు. తెలంగాణ ప్రభుత్వానికే చెందిన విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్, నర్సులకు జర్మన్ భాష నేర్పించి జర్మనీకి పంపుతోంది. అక్కడ రిజిస్టరైన నర్సు ఇంటెన్సివ్ కేర్‌లో మరో రెండేళ్లు ప్రత్యేక శిక్షణ పొందితే, ఆ వార్డులోనే పని చేయిస్తారట, ఎంత అన్యాయం! ఇక్కడి స్టోరు రిజిస్టర్ల పక్కన జర్మన్ వ్యాకరణ పుస్తకాలు కనబడుతున్నాయంటే ఆశ్చర్యపడకండి. ఆమె వెళ్లే రోజున శాలువా కప్పి, మన ఆసుపత్రికి గర్వకారణమని చెప్పి, గ్రూప్ ఫోటో దిగుతారు. మరునాడు ఆ ఖాళీని అవుట్‌సోర్సింగ్ మీద నింపడానికి నోటిఫికేషన్ వేస్తారు. అర్హత: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్. విధులు: సూపరింటెండెంటు నిర్ణయించిన ప్రకారం.